క్యూఆర్ కోడ్ ముచ్చట: మా రూమ్‌లో జరిగింది, మీ రూమ్‌లో జరగొద్దని

డ్యూటీ, చలి, ఓవర్‌టైమ్ మధ్యలో పడి రాయక చాలా రోజులయింది. ఈ ఆదివారం మంచు బాగా పడుతోంది, బయటికి పోయే పని లేదు. అందుకే ఒక ముచ్చట రాస్తున్నం. జర పొడుగ్గానే ఉంటది. చాయ్ పెట్టుకొని చదవండి.

మేము బ్రాంప్టన్‌లో ఒక బేస్‌మెంట్‌లో అయిదుగురం ఉంటం. ఇద్దరిది జగిత్యాల దిక్కు, ఒకరిది నిర్మల్, ఒకరిది సిరిసిల్ల, అందరికన్నా చిన్న తమ్ముడిది కడప. ఆ తమ్ముడు తప్ప మిగతా అందరం దుబాయ్, మస్కట్, దోహాలలో ఏండ్లకేండ్లు చేసి ఇటు వచ్చినోళ్ళమే. సైట్ మీద ఫార్మ్‌వర్క్, కాంక్రీట్ పనులు చూస్తం. సూపర్‌వైజర్ అని పేరు గానీ బూట్లకు అంటే మట్టి అందరికీ ఒక్కటే. మా చదువు పదో తరగతి. ఇందులో ఇంజనీర్ల మాటలు ఉండవు. పోగొట్టుకున్నది, నేర్చుకున్నది మాత్రమే రాస్తం.

మొన్న చలికాలం మొదట్లో కడప తమ్ముడు సరిగ్గా తినడం మానేసిండు. వంతు ప్రకారం వంట చేస్తడు, అందరికీ పెడతడు, తను మాత్రం పెరుగన్నం కలుపుకొని మంచం మీదకు పోతడు. అడిగితే "ఆకలి లేదన్నా" అంటడు. ఇంటి మీద బెంగ అనుకున్నం. పదకొండు రోజుల తర్వాత ఒక రాత్రి మేము నిద్రపోయినం అనుకొని వంటింట్లో ఒక్కడే కూర్చొని ఏడుస్తున్నడు. లేచి పోయి పక్కన కూర్చున్నం. "అన్నా, చెప్తే తిట్టరు కదా" అన్నడు. అప్పుడు బయటపడింది.

తమ్ముడు ఇక్కడ చదువుకోవడానికి వచ్చి, చదువు అయినాక వర్క్ పర్మిట్ మీద ఉన్నడు. ఆ పర్మిట్ ఇంకో నాలుగు నెలల్లో అయిపోతది. ఎల్‌ఎంఐఏ ఇచ్చే యజమాని కోసం రాత్రింబవళ్ళు వెతుకుతున్నడు. మనోళ్ళు పోయే ఒక కిరాణా షాపులో, తలుపు పక్కన నోటీసు బోర్డు ఉంటది కదా, రూములు కిరాయికి, కారు అమ్మకానికి అని కాగితాలు అంటిస్తరు. అక్కడ ఒక రంగుల పోస్టర్ కనపడ్డది. మేపుల్ ఆకు బొమ్మ, హెల్మెట్ పెట్టుకున్న మనిషి బొమ్మ, "ఎల్‌ఎంఐఏ ఉద్యోగాలు రెడీగా ఉన్నవి, స్కాన్ చేయండి" అని. ఫోన్ నంబర్ లేదు, అడ్రస్ లేదు. ఒక్క క్యూఆర్ కోడ్ ఉంది.

స్కాన్ చేసిండు. నీటుగా ఉన్న ఒక ఫారం వచ్చింది. పేరు, పాస్‌పోర్ట్ ఫోటో, చివరికి సిన్ నంబర్ కూడా అడిగింది. అన్నీ నింపిండు. గంటలో వాట్సాప్ కాల్. మర్యాదగా, సార్ సార్ అని మాట్లాడిన్రు. మొదట ఫైల్ ఫీజు అని 1,850 డాలర్లు, వారం తర్వాత లాయర్ ఫీజు అని ఇంకో 1,200. రెండుసార్లూ ఈ-ట్రాన్స్‌ఫర్ చేసిండు. రెండోసారి పంపిన మర్నాడు ఆ వాట్సాప్‌లో ఫోటో పోయింది, నంబర్ పోయింది.

మాకు పైసలు పోయినందుకన్నా ఆ పదకొండు రోజులు చెప్పకుండా ఉన్నందుకు ఎక్కువ బాధయింది. ఎందుకు చెప్పలేదురా అంటే, "చదువుకున్నోడివి, నీకు తెలియదా అంటారని" అన్నడు. దొంగ సిగ్గు పడలేదు. మనోడు పడ్డడు.

మర్నాడు సెలవు పెట్టి అన్నీ తిరిగినం. బ్యాంకుకు పోయినం. ఈ-ట్రాన్స్‌ఫర్ అవతలి మనిషి తీసుకోకముందైతే ఆపొచ్చు. వాళ్ళు ఆటోడిపాజిట్ పెట్టుకుంటే పంపిన క్షణమే పోయినట్టు, వెనక్కి తీసుకోలేము. ఆ దొంగలకు ఆటోడిపాజిట్ ఉంది. పోలీసు రిపోర్టు ఇచ్చినం. కెనేడియన్ యాంటీ ఫ్రాడ్ సెంటర్‌కు ఫోన్ చేసినం, నంబర్ 1-888-495-8501, రాసి పెట్టుకోండి. సిన్ నంబర్ బయటికి పోయింది కాబట్టి సర్వీస్ కెనడాకు చెప్పినం. ఈక్విఫాక్స్, ట్రాన్స్‌యూనియన్ రెండిటిలోనూ తమ్ముడి పేరు మీద ఎవరూ అప్పు తీసుకోకుండా అలర్ట్ పెట్టించినం. పైసలు మాత్రం ఇప్పటికీ రాలేదు. వస్తయన్న ఆశ కూడా లేదు.

అసలు తెలుసుకోవాల్సింది ఇంకోటి. ఒంటారియోలో 2009 నాటి చట్టం ఒకటుంది. దాని ప్రకారం ఉద్యోగం ఇప్పించినందుకు విదేశీ కార్మికుడి దగ్గర రిక్రూటర్ ఒక్క డాలర్ కూడా తీసుకోవద్దు. మన పాస్‌పోర్ట్ గుంజుకొని పెట్టుకోవద్దు. 2022 సెప్టెంబర్ నుంచి ఫెడరల్ ఇమ్మిగ్రేషన్ నిబంధనల్లో కూడా యజమాని అట్లాంటి ఫీజు వసూలు చేయొద్దని స్పష్టంగా పెట్టిన్రు. ఎల్‌ఎంఐఏకు ప్రభుత్వానికి కట్టే 1,000 డాలర్లు యజమానే కట్టాలి, మన జీతంలోంచి కోయొద్దు. అంటే ఎల్‌ఎంఐఏ కోసం పైసలు అడిగిండంటే, వాడు దొంగన్నా అయి ఉంటడు, చట్టం తప్పినోడన్నా అయి ఉంటడు. మూడో రకం లేడు.

ఆ తర్వాత నుంచి ఈ నలుపు తెలుపు గళ్ళ డబ్బా ఏందో సంగతి తెలుసుకుందామని రోజూ కొంచెం చదివినం, తెలిసినోళ్ళను అడిగినం. తెలిసింది మీకూ చెప్తం.

దీన్ని కనిపెట్టింది 1994లో, జపాన్‌లో. టయోటా గ్రూపుకు చెందిన డెన్సో కంపెనీలో మసహిరో హరా అనే ఇంజనీర్ బృందం చేసింది. ఫ్యాక్టరీలో కార్ల పార్టుల పెట్టెల మీద ఒక్కోదానికి ఎన్నో బార్‌కోడ్‌లు ఉండేవి. పాత గీతల బార్‌కోడ్‌లో ఇరవై అక్షరాలకన్నా ఎక్కువ పట్టవు. అన్నీ ఒక్కొక్కటిగా స్కాన్ చేసీ చేసీ కార్మికులు అలసిపోయేవాళ్ళు. వాళ్ళ తిప్పలు చూసి ఆయన వేరే దారి వెతికిండు. మధ్యాహ్నం అన్నం తిన్నాక ఆడుకునే గో అనే ఆట పలక మీద నల్ల, తెల్ల రాళ్ళు గళ్ళలో ఉండడం చూసి ఈ ఆలోచన వచ్చిందట. మూడు మూలలకు ఉండే పెద్ద చతురస్రాలు, "కోడ్ ఇక్కడుంది, ఇటు తిరిగి ఉంది" అని కెమెరాకు చెప్పడానికి. అందుకే ఫోన్ తలకిందులుగా పెట్టినా చదువుతది. ఒక్క కోడ్‌లో 7,089 అంకెల దాకా పడతవి. కంపెనీ పేటెంట్ పెట్టుకొని కూడా ఎవరి దగ్గరా పైసలు అడగలేదు, అందరూ వాడుకోండని వదిలేసింది. అంటే మన లాంటి పనోళ్ళ చేతుల నొప్పి తగ్గించడానికి పుట్టిన వస్తువు ఇది. దాంతోనే పనోడి జేబు కొట్టిన్రు అంటే కడుపు మండుతది.

మనోళ్ళు ఎందుకు తొందరగా పడిపోతున్నం అంటే, మాకు తోచింది చెప్తం. మన ఊళ్ళో స్కానర్ అంటే పైసలు కట్టేది. 2016లో యూపీఐ వచ్చింది, అదే ఏడు నవంబర్‌లో పెద్ద నోట్లు రద్దయినవి. ఇప్పుడు జగిత్యాల బస్టాండ్ దగ్గర చాయ్ బండికీ స్కానర్ ఉంది, కూరగాయల గంప ముందూ స్కానర్ ఉంది. పైసలు పడంగనే డబ్బా అరుస్తది. మనకు స్కాన్ చేయడం ఊపిరి పీల్చినట్టు అలవాటయింది. ఇక్కడ కెనడాలో అట్లా కాదు. షాపులో కార్డు ట్యాప్ చేస్తరు, మనిషికి మనిషి ఈ-ట్రాన్స్‌ఫర్ పంపుకుంటరు. ఇక్కడ కోడ్ అంటే ఎక్కువ సార్లు ఒక వెబ్ పేజీకి తలుపు. ఆ తలుపు వెనక ఎవరున్నరో కోడ్ మొహం చూసి ఎవ్వరూ చెప్పలేరు. అక్షరాలైతే తప్పుందో ఒప్పుందో చదివి పట్టుకోవచ్చు. గళ్ళను చదివే మనిషి లేడు.

2022 జనవరిలో అమెరికాలో టెక్సాస్ రాష్ట్రం ఆస్టిన్ పట్టణంలో పార్కింగ్ మిషన్ల మీద దొంగ స్టిక్కర్లు దొరికినవి. పార్కింగ్ పైసలు కడుతున్నం అనుకొని జనం కార్డు నంబర్లు దొంగల పేజీలో కొట్టిన్రు. అదే నెలలో ఎఫ్‌బీఐ కూడా దేశమంతా హెచ్చరిక ఇచ్చింది. కాబట్టి పార్కింగ్ దగ్గర గానీ, ఇంకెక్కడన్నా గానీ, ముందు గోరుతో గీకి చూడండి. ఒక స్టిక్కర్ మీద ఇంకో స్టిక్కర్ ఉంటే వదిలేయండి. మిషన్‌లోనే కార్డు పెట్టండి, లేదంటే పార్కింగ్ యాప్‌ను ఫోన్ యాప్ స్టోర్‌లోంచి తీసుకోండి.

ఇంత జరిగినాక మా రూమ్‌లో నిర్మల్ అన్న ఇక జన్మలో దేన్నీ స్కాన్ చేయను అని ఒట్టు పెట్టుకున్నడు. కానీ కత్తి తెగుతదని వంట మానేస్తమా? మంచిగా వాడిన కథలు కూడా రెండు చెప్తం.

మొదటిది సిరిసిల్ల అన్న చెల్లె సంగతి. చెల్లె, బావ మిస్సిసాగాలో ఉంటరు, పీఆర్ ఉంది. చెల్లె మామిడికాయ తొక్కు పెడితే వాడంతా వాసన పట్టుకొని వస్తది. అమ్ముతా అన్నది. ఇక్కడ ఒంటారియోలో 2020 నుంచి ఇంట్లో చేసి అమ్మే బ్రెడ్డు, బిస్కెట్లు, జామ్, పచ్చళ్ళ లాంటి వాటికి నిబంధనలు కొంచెం సులువు చేసిన్రు. అయినా పబ్లిక్ హెల్త్ వాళ్ళకు చెప్పాలి, వాళ్ళు చూసి పోతరు. కూరలు, బిర్యానీ వేరే లెక్క, వాటికి ఈ సులువు లేదు. ఇంకో మాట, ఒక్క యజమాని పేరు మీద వర్క్ పర్మిట్ ఉన్నోళ్ళు పక్క వ్యాపారం పెట్టొద్దు, పర్మిట్‌కే ఎసరు వస్తది.

చెల్లె ఇంటర్‌నెట్‌లో ఒక ఉచిత సైట్‌లో కోడ్ చేసి 300 కార్డులు అచ్చు వేయించింది. గుడి దగ్గర పంచినం. రెండు వారాలకు ఎవరు స్కాన్ చేసినా "ఈ కోడ్ ఆగిపోయింది, నెలకు ఇంత కట్టండి" అని వస్తోంది. అచ్చు ఖర్చంతా చెత్తబుట్టలో. అప్పుడు తెలిసింది, కోడ్‌లు రెండు రకాలు. ఒక రకంలో మన లింక్ నేరుగా గళ్ళలోనే ఉంటది, అది ఎన్నటికీ చావదు. దాన్ని స్టాటిక్ అంటరు. ఇంకో రకంలో కోడ్ ముందు ఆ సైట్ వాడి దగ్గరికి పోయి, అక్కడి నుంచి మన దగ్గరికి వస్తది. దాన్ని డైనమిక్ అంటరు. తర్వాత లింక్ మార్చుకోవచ్చు, ఎంతమంది చూసిన్రో లెక్క వస్తది, మంచిదే. కానీ తాళంచెవి వాడి చేతిలో ఉంటది. చిన్న వ్యాపారానికి స్టాటిక్ చాలు. ఫోన్‌లో క్రోమ్ బ్రౌజర్ ఉంటే షేర్ నొక్కితే క్యూఆర్ కోడ్ అదే చేసి ఇస్తది, పైసా లేదు. వాట్సాప్ బిజినెస్ యాప్ కూడా కోడ్ ఇస్తది.

రెండోసారి తెలివిగా చేసినం. వాట్సాప్ లింక్‌లో ముందే రాసిన మెసేజ్ పెట్టొచ్చు. గుడి దగ్గర పెట్టిన కోడ్ స్కాన్ చేస్తే "గుడి దగ్గర చూసిన, తొక్కు కావాలి" అని వస్తది. షాపు దగ్గరిది ఇంకో మాట, తొక్కు డబ్బా మూత మీద స్టిక్కర్‌ది ఇంకో మాట. చెల్లె నోట్‌బుక్‌లో గీతలు పెట్టుకుంది. నెల తిరిగేసరికి అన్నిటికన్నా ఎక్కువ ఆర్డర్లు మూత మీద స్టిక్కర్ నుంచే. ఒకసారి తిన్నోళ్ళే మళ్ళీ అడుగుతున్నరు. అందుకే పోస్టర్ల ఖర్చు ఆపి స్టిక్కర్ల మీద పెట్టింది. మార్కెటింగ్ మార్కెటింగ్ అంటరు కదా, మాకు అర్థమయింది ఇంతే: ఎక్కడి నుంచి వస్తున్నరో లెక్క పెట్టుకో, అక్కడ ఇంకొంచెం మంచిగా చెయ్యి.

ఒక జాగ్రత్త. ఆర్డర్ ఇచ్చినోళ్ళ నంబర్లు ఉన్నవి కదా అని కనపడ్డ అందరికీ మెసేజ్‌లు కొట్టొద్దు. కెనడాలో 2014 జూలై 1 నుంచి స్పామ్ చట్టం ఉంది. ఒప్పుకోని మనిషికి వ్యాపార మెసేజ్ పంపితే జరిమానా పెద్దది, ఒక్క మనిషికి పది లక్షల డాలర్ల దాకా వేయొచ్చు. కోడ్‌తో మేలు ఏందంటే, కావాల్సినోళ్ళే ముందు మనకు మెసేజ్ చేస్తరు.

అచ్చు వేయించేటప్పుడు కొన్ని లెక్కలు గుర్తు పెట్టుకోండి. తెల్ల కాగితం మీద నలుపే మంచిది, రంగుల సోకులు వద్దు. చుట్టూ నాలుగు గళ్ళంత తెల్ల అంచు వదలాలి. ఎంత దూరం నుంచి చదవాలో దాంట్లో పదో వంతు సైజు ఉండాలి: ఒక మీటర్ దూరానికి 10 సెంటీమీటర్లు. కోడ్‌లో తప్పు సరిదిద్దుకునే శక్తి నాలుగు మెట్లుగా ఉంటది. పై మెట్టు పెట్టుకుంటే 30 శాతం దాకా చిరిగినా, మరక పడినా చదువుతది. మట్టి, సిమెంట్ ఉండే చోట పై మెట్టే పెట్టుకోండి. పక్కనే ఫోన్ నంబర్ కూడా అక్షరాలా రాయండి. మైనస్ 20 చలిలో ఫోన్ బ్యాటరీ చచ్చిపోతది, గ్లవుజు తీస్తే వేళ్ళు కొంకర్లు పోతవి. నంబర్ ఉంటే ఇంటికి పోయి ఫోన్ చేస్తరు.

రెండోది మా సైట్ సంగతి. గేటు దగ్గర బోర్డు మీద కోడ్ ఉంది, పొద్దున స్కాన్ చేసి పేరు పెట్టాలి. కెమికల్ డబ్బాల సేఫ్టీ డేటా షీట్లు కూడా కోడ్‌లో ఉంటవి. ఇదివరకు లావుపాటి ఫైల్ ట్రెయిలర్‌లో దుమ్ము పట్టి ఉండేది, ఎవరూ తీసేవాళ్ళు కాదు. కానీ అన్నీ ఇంగ్లీషే. కొత్తగా వచ్చిన మన పిల్లలు తల ఊపుతరు, అర్థమైనట్టే ఉంటరు, కాదు. గల్ఫ్‌లో మేమూ అట్లనే తల ఊపినోళ్ళం.

అందుకని సేఫ్టీ ఆఫీసర్‌ను అడిగి, ఒప్పించి, హార్నెస్ ఎట్ల చూసుకోవాలి, హుక్కు ఎక్కడ పెట్టాలి, ఎక్కడ పెట్టొద్దు అని మా గొంతుతో తెలుగులో మూడు నిమిషాలు రికార్డ్ చేసినం. పంజాబీలో ఇంకో ఫోర్‌మన్ చెప్పిండు. గూగుల్ డ్రైవ్‌లో పెట్టి, కోడ్ చేసి, లామినేషన్ కొట్టి, హార్నెస్‌లు తగిలించే గోడకు పెట్టినం. ఇది ట్రైనింగ్‌కు బదులు కాదు. ఎత్తు మీద పని చేసేటోళ్ళకు ఒంటారియోలో వర్కింగ్ ఎట్ హైట్స్ కోర్సు తప్పనిసరి, మూడేండ్లకోసారి మళ్ళీ చేయాలి. ఇది జ్ఞాపకం చేయడానికి మాత్రమే. పెట్టిన పది రోజులకు ఒక పిల్లగాడు ల్యాన్‌యార్డ్ పట్టుకొని వచ్చిండు. "అన్నా, మీరు టేపులో చెప్పినట్టు చూసిన, ఇక్కడ కుట్లు తెగినట్టున్నయి" అన్నడు. చూస్తే నిజమే. దాన్ని అక్కడికక్కడే కోసి పడేసినం. ఆ రోజు రాత్రి అన్నం మంచిగా తిన్నం.

ఇక చివరగా, మా ఫ్రిజ్ మీద కాగితం రాసి అంటించుకున్నం. మీరూ రాసుకోండి.

స్కాన్ చేయంగనే తెరవొద్దు. ఫోన్ ముందు అడ్రస్ చూపిస్తది, చదవండి. కెనడా ప్రభుత్వం పేజీ అయితే చివర "కెనడా డాట్ సీఏ" గానీ "జీసీ డాట్ సీఏ" గానీ ఉంటది.

ఉద్యోగం అంటే ప్రభుత్వ జాబ్ బ్యాంక్‌లో చూడండి. కన్సల్టెంట్ అంటే కాలేజ్ ఆఫ్ ఇమ్మిగ్రేషన్ అండ్ సిటిజన్‌షిప్ కన్సల్టెంట్స్ రిజిస్టర్‌లో పేరు వెతకండి. లేకపోతే దండం పెట్టి వచ్చేయండి.

గోడ మీద కోడ్ నింపమన్న ఫారంలో సిన్, పాస్‌పోర్ట్ పెట్టొద్దు.

వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్ తెరిచి ఎవరో పంపిన కోడ్ స్కాన్ చేయమంటే చేయొద్దు. చేస్తే మీ వాట్సాప్ మొత్తం వాడి చేతికి పోతది.

ఊరికి పోయేటప్పుడు ఎయిర్‌పోర్ట్‌లో బోర్డింగ్ పాస్ ఫోటో పెట్టకండి. దాని మీద గళ్ళలో మీ పేరు, టికెట్ వివరాలు ఉంటవి. ఆధార్ కార్డు కోడ్‌లో కూడా మీ అడ్రస్, ఫోటో ఉంటవి.

ఇంటి దగ్గర అమ్మకు, బాపుకు ఫోన్‌లో చెప్పండి: పైసలు రావడానికి స్కాన్ అక్కర్లేదు, పిన్ అక్కర్లేదు. పిన్ కొట్టమన్నరంటే మన పైసలు పోతున్నట్టే. మోసం జరిగితే వెంటనే 1930కు ఫోన్ చేయమనండి.

అన్నిటికన్నా పైన ఎర్ర పెన్నుతో రాసింది ఒక్కటే: "మోసపోతే ఆ రాత్రే రూమ్‌లో చెప్పాలి." తమ్ముడు మొదటి 1,850 పంపిన రోజే మాకు చెప్పి ఉంటే, తర్వాతి 1,200 పోయేది కాదు. దాచిన ప్రతి రోజూ దొంగకు ఒక రోజు కూలీ.

తమ్ముడి ఆ నెల కిరాయి మేము నలుగురం పంచుకున్నం. వద్దన్నడు, గట్టిగా చెప్తే ఒప్పుకున్నడు. పర్మిట్ సంగతి ఇంకా తేలలేదు, రిజిస్టర్‌లో పేరున్న మనిషి దగ్గరికి పోయి కూర్చొని మాట్లాడి వచ్చిండు, చూద్దాం. ఆ పోస్టర్ ఉన్న షాపుకు పోయి అడిగితే, ఎవరెవరో వచ్చి అంటిస్తరు మాకేం తెలుసు అన్నరు. మేమే పీకేసినం. మర్నాడు అదే చోట తమ్ముడు తన చేత్తో ఒక కాగితం రాసి అంటించి వచ్చిండు. తెలుగులో, పంజాబీలో, ఇంగ్లీషులో: "ఎల్‌ఎంఐఏకు పైసలు అడిగితే మోసం. నేను మోసపోయిన. అడగాలంటే నన్ను అడగండి." కింద తన ఫోన్ నంబర్.

కోడ్ పెట్టలేదు. ఇప్పటిదాకా ఆరుగురు ఫోన్ చేసిన్రట. ఇద్దరు పైసలు పంపబోయి ఆగిన్రు.

ఇది చదివినోళ్ళు మీ రూమ్‌లో చిన్నోళ్ళు ఎవరున్నా ఒకసారి పిలిచి అడగండి, "తింటున్నవా సరిగ్గా?" అని. మీకు తెలిసిన మోసాలు, మంచి ఉపాయాలు కింద రాయండి, నలుగురికీ పనికొస్తది. ఉంటం మరి, జాగ్రత్త.